చెవి నరం గడ్డ ఆపరేషన్ తర్వాత వినికిడిని ఏళ్ల తరబడి గమనించుకోవడం ఎలా

చెవి నరం మీది గడ్డ తీయించుకుని ఇల్లు చేరినవారిని పలకరించడానికి వచ్చే బంధువులు మొదట అడిగేది ఒకటే: “ఆ చెవి ఇప్పుడు వినిపిస్తా ఉందా?” వినిపిస్తే ఉందనీ, లేకపోతే పోయిందనీ చెప్పి ఆ మాట అక్కడితో ముగిస్తారు. తిరుపతిలో వినికిడి పరీక్షలు చేసే వృత్తిలో ఉన్న నాకు మాత్రం అది సగం ప్రశ్నగానే తోస్తుంది. ఈ ఆపరేషన్‌లో దక్కిన వినికిడి ఒకసారి దక్కితే చివరిదాకా అలాగే ఉంటుందని చెప్పలేము. డిశ్చార్జి నాటికి ఉన్నది ఐదేళ్లకు సగమైనవారూ ఉంటారు, పదేళ్లయినా పెద్ద తేడా లేనివారూ ఉంటారు. తాము ఏ దారిలో నడుస్తున్నదీ తెలియాలంటే జ్ఞాపకం చాలదు, కాగితం మీద అంకెలు కావాలి. ఆ అంకెలను ఎప్పుడు, ఎలా తీయించుకోవాలి, వాటిని ఎలా చదువుకోవాలి, ఏది కనిపిస్తే ఆలస్యం చేయకూడదు అన్నది ఇక్కడ వివరిస్తాను. చికిత్స నిర్ణయాలు ఆపరేషన్ చేసిన వైద్యులవే. ఫైలును సక్రమంగా ఉంచుకోవడం మాత్రం రోగి, ఇంటివాళ్ల పని.

ఈ గడ్డను వైద్యులు వెస్టిబ్యులర్ ష్వానోమా అంటారు. పాత పేరు అకౌస్టిక్ న్యూరోమా. ఇది క్యాన్సర్ కాదు. లోపలి చెవి నుంచి మెదడుకు వెళ్లే ఎనిమిదో కపాల నరంలో వినికిడి తీగలూ, శరీరం తూలకుండా నిలిపే తీగలూ కలిసి నడుస్తాయి. గడ్డ సాధారణంగా పుట్టేది ఆ రెండో రకం తీగల చుట్టూ ఉండే పొర కణాలలో; కానీ సన్నని ఎముక కాలువలో పక్కపక్కనే ఉండటం వల్ల నలిగేది వినికిడి నరం. ముఖాన్ని కదిలించే ఏడో నరం కూడా అదే కాలువలో ఉంటుంది. వీటికి తోడు లోపలి చెవికి రక్తం తెచ్చే ధమని ఒకే ఒక్కటి, వెంట్రుకంత సన్ననిది, అదీ ఆ ఇరుకులోనే ఉంటుంది. అది మూసుకుపోతే బదులు దారి లేదు. నరం తెగకుండా గడ్డ మొత్తం వచ్చేసిందని సర్జన్ చెప్పిన తర్వాత కూడా చెవి వినిపించకపోవడానికి తరచుగా ఈ రక్తనాళమే కారణం. దాన్ని ఎవరి పొరపాటుగానో భావించి బాధపడే కుటుంబాలను చూశాను కాబట్టి ముందే చెబుతున్నాను.

మొదట డిశ్చార్జి సమ్మరీ చదవండి

ఫైలులో ఆపరేషన్ పేరు ఉన్న చోటును వెతకండి, ఎందుకంటే మిగతా అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. ‘ట్రాన్స్‌లాబిరింథైన్’ అని ఉంటే సర్జన్ లోపలి చెవి గుండానే దారి చేసుకుని గడ్డను చేరారని అర్థం. పెద్ద గడ్డలకూ, అప్పటికే వినికిడి పోయినవారికీ, ముఖ నరాన్ని స్పష్టంగా చూడవలసినప్పుడూ ఇది మంచి దారి. అయితే ఆ వైపు వినికిడి పూర్తిగా పోతుంది, తర్వాత తిరిగి రాదు. అలాంటివారు ఆ చెవికి ఏటా పరీక్ష చేయించుకుంటూ ఆశతో ఎదురుచూడటంలో ప్రయోజనం లేదు. వారికి ఈ వ్యాసంలో రెండో చెవి గురించి చెప్పే భాగమే ముఖ్యం. ‘రెట్రోసిగ్మాయిడ్’ అని ఉంటే చెవి వెనుక పుర్రె నుంచి, ‘మిడిల్ ఫాసా’ అని ఉంటే చెవి పైభాగం నుంచి వెళ్లారని అర్థం. వినికిడిని కాపాడే ప్రయత్నం ప్రధానంగా ఈ రెండు దారుల్లోనే సాధ్యం. సాధారణంగా గడ్డ చిన్నదై, ఆపరేషన్‌కు ముందు వినికిడి బాగున్నవారికే ఆ ప్రయత్నం ఫలించే అవకాశం ఎక్కువ. అదే సమ్మరీలో గడ్డ మొత్తం తీశారా, ముఖ నరానికి అంటుకున్న కొంత భాగాన్ని వదిలేశారా అన్నది కూడా ఉంటుంది. వదిలేసి ఉంటే ఎమ్మారైలు తరచుగా అవసరమవుతాయి. ఆ వాక్యం కింద పెన్నుతో గీత గీసుకోండి.

అవకాశాల గురించి కల్లబొల్లి మాటలు లేకుండా చెప్పుకోవాలి. అమెరికాలోని న్యూరోసర్జన్ల సంఘం ‘కాంగ్రెస్ ఆఫ్ న్యూరలాజికల్ సర్జన్స్’ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, చిన్న లేదా మధ్యస్థ పరిమాణపు గడ్డ ఉండి, అప్పటికి పనికొచ్చే వినికిడి ఉన్నవారిలో ఆపరేషన్ తర్వాత ఆ వినికిడి దక్కే అవకాశం 25 నుంచి 50 శాతం మధ్య ఉంటుంది. ఆపరేషన్ వెంటనే, రెండేళ్లకు, ఐదేళ్లకు, పదేళ్లకు కూడా వారు ఆ ఒక్క అంచనానే ఇచ్చారు. దీన్ని నేను ఇలా అర్థం చేసుకుంటాను: ఆపరేషన్‌లో అసలు నష్టం మొదటి రోజుల్లోనే జరిగిపోతుంది, తర్వాతి తగ్గుదల నెమ్మదిగా ఉంటుంది. ఆపరేషన్ చేయకుండా గమనిస్తూ ఉన్నవారిలో వినికిడి నిలిచే అవకాశం రెండేళ్లకు 75 శాతానికి పైన, ఐదేళ్లకు 50 నుంచి 75 శాతం, పదేళ్లకు 25 నుంచి 50 శాతం. గామా నైఫ్ వంటి రేడియేషన్ చికిత్స పొందినవారిలో రెండేళ్లకూ ఐదేళ్లకూ 50 నుంచి 75 శాతం, పదేళ్లకు 25 నుంచి 50 శాతం. అంటే ఏ దారి పట్టినా పదేళ్ల దగ్గర అందరూ దాదాపు ఒకే గుంపులో కలుస్తారు. “ఆపరేషన్ చేయించకుండా ఉండింటే చెవి దక్కేదేమో” అని రాత్రులు కుమిలిపోయేవారు ఈ అంకెలను ఒకసారి చూసుకోవాలి. గడ్డ ఉన్నంత కాలం చెవి కూడా దాని చేతిలోనే ఉంటుంది. ఇవి గుంపుల లెక్కలు, ఒక్క మనిషి జాతకం కావు. గడ్డ పరిమాణం, ముందటి వినికిడి, సర్జన్ అనుభవం వీటిని మారుస్తాయి.

ఫైలులో ఉండవలసిన అంకెలు

ఇప్పుడు అసలు పనికి వద్దాం. దీర్ఘకాలంలో పోల్చుకోవడానికి రెండు కొలతలు కావాలి. మొదటిది ప్యూర్ టోన్ ఆడియోగ్రామ్. గదిలో కూర్చోబెట్టి, చెవికి హెడ్‌ఫోన్ పెట్టి, వేర్వేరు స్థాయిల (బొంగురు నుంచి కీచు దాకా) శబ్దాలను వినిపించి, వినపడగానే చెయ్యి ఎత్తమంటారు కదా, అదే. ఎన్ని డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో చెప్పే కొలత) దగ్గర శబ్దం తెలిసిందో అందులో ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ వినికిడి తగ్గిందని అర్థం. మార్కుల లాగా ఎక్కువ వస్తే మంచిదనుకుని సంతోషించినవారు నాకు తెలుసు. రెండోది మాట పరీక్ష. సౌకర్యంగా వినిపించేంత గట్టిగా కొన్ని పదాలను వినిపించి, వాటిలో ఎన్నింటిని సరిగ్గా తిరిగి చెప్పారో శాతంలో వేస్తారు. చాలామంది ఫైళ్లలో మొదటిది ఉంటుంది, రెండోది ఉండదు. చెవి నరం గడ్డ విషయంలో రెండోదే పెద్దది. నరం దెబ్బతిన్నప్పుడు శబ్దం చేరుతుంది కానీ మాట విడిపోదు. టీవీ సౌండు పెంచితే గోల పెరుగుతుంది తప్ప వార్త అర్థం కాదు. అందుచేత ప్రతిసారీ “మాట పరీక్ష కూడా చేయండి సార్” అని నోరు తెరిచి అడగండి.

ఈ రెండు కొలతలను కలిపి గ్రేడు కట్టే పద్ధతిని అమెరికా చెవి ముక్కు గొంతు వైద్యుల అకాడమీ 1995లో ఖరారు చేసింది. సగటు వినికిడి 30 డెసిబెల్స్ లోపు ఉండి, మాటల్లో 70 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ‘ఏ’ (A) గ్రేడు. సగటు 50 లోపు ఉండి మాటలు 50 శాతానికి తగ్గకపోతే బీ గ్రేడు. సగటు 50 దాటినా మాటలు 50 శాతానికి తగ్గకపోతే సీ. మాటలు 50 శాతం కంటే తగ్గితే సగటు ఎంత ఉన్నా డీ. ఏ, బీ గ్రేడులను కలిపి ‘పనికొచ్చే వినికిడి’ అంటారు. ఈ గీత గురించి నా అభిప్రాయం చెప్పాలంటే, రెండో చెవి నిక్షేపంగా ఉన్నవారికి 50 డెసిబెల్స్ చెవి రోజువారీ జీవితంలో పెద్దగా తోడు రాదు. వారికి ‘ఏ’ గ్రేడు నిలిస్తేనే తేడా తెలుస్తుంది. అదే రెండో చెవి కూడా బలహీనమైనవారికి సీ గ్రేడు చెవి కూడా విలువైనదే. ఆపరేషన్ తర్వాత మొదట్లో ‘ఏ’ గ్రేడు దక్కించుకున్నవారిలోనే ఆ వినికిడి ఏళ్ల తరబడి నిలిచే అవకాశం ఎక్కువ అన్నది కూడా గుర్తుంచుకోదగిన సంగతి.

సగటు అనే మాట దగ్గర ఒక మెలిక ఉంది. శబ్దం స్థాయిని హెర్ట్జ్‌లలో కొలుస్తారు; అంకె పెరిగేకొద్దీ శబ్దం కీచుగా ఉంటుంది. ఆ అకాడమీ లెక్క 500, 1000, 2000, 3000 హెర్ట్జ్‌ల సగటు. మన దగ్గర చాలా చోట్ల 500, 1000, 2000 మూడింటి సగటే వేస్తారు. కొందరు 4000 కూడా కలుపుతారు. ఈ గడ్డ ఉన్నవారిలో పై స్థాయిలు ముందుగా దెబ్బతింటాయి కాబట్టి, ఒకే చెవికి ఒక చోట 35, మరో చోట 45 వచ్చి, ఆరు నెలల్లో పది డెసిబెల్స్ పడిపోయిందని కంగారు పడే పరిస్థితి వస్తుంది. సగటు అంకెను కాకుండా ఒక్కో స్థాయి దగ్గర వచ్చిన అంకెను ఒక నోటుపుస్తకంలో వరుసగా, తేదీ వేసి రాసుకోండి. ఎడమ చెవికి ఒక పేజీ, కుడి చెవికి ఒక పేజీ. గ్రాఫు కాగితాల వేడి అచ్చు ఒకటి రెండేళ్లకే వెలిసిపోతుంది కనుక జిరాక్సు తీసి పెట్టుకోవడం మరవకండి.

మాట పరీక్ష ఏ భాషలో జరిగిందో కూడా రాసుకోవాలి. మన చిత్తూరు, తిరుపతి జిల్లాలవారికి ఇది ప్రత్యేకంగా చెప్పవలసిన విషయం. చిత్తూరు నుంచి వేలూరు గంటలో వెళ్లవచ్చు. దేశంలో మొట్టమొదటి న్యూరోసర్జరీ విభాగం 1949లో ప్రారంభమైంది అక్కడి సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిలోనే. చెన్నై కూడా దూరం కాదు. కొందరు ఇక్కడే తిరుపతి ఆసుపత్రి స్విమ్స్‌లో చూపించుకుంటారు, కొందరు సరిహద్దు దాటి వెళతారు, కొందరు రెండు చోట్లా తిరుగుతారు. నగరి, పుత్తూరు, కుప్పం వైపు వారు తమిళం ధారాళంగా మాట్లాడతారు కాబట్టి తమిళ పదాల జాబితాతో పరీక్ష చేసినా అభ్యంతరం చెప్పరు. కానీ మాట పరీక్షలో నరం సందేశాన్ని సరిగ్గా అందించనప్పుడు మెదడు పరిచయం మీద ఖాళీలు పూరించుకుంటుంది. పుట్టినప్పటి నుంచి ఇంట్లో విన్న భాషలో ఆ పూరింపు బాగా జరుగుతుంది, వేరే భాషలో తక్కువగా జరుగుతుంది. ఒక ఏడాది తమిళంలో, మరుసటి ఏడాది తెలుగులో చేస్తే ఆ రెండు శాతాలనూ పక్కపక్కన పెట్టడం అర్థం లేని పని. ఇంటి భాష ఏదో మొదటే చెప్పి, ప్రతిసారీ అదే భాషలో చేయించుకోండి. పరీక్ష చేసేవారు ఎదురుగా కూర్చుని మాటలు చెబితే పెదవులు చూసి గ్రహించే వీలుంది. నోరు కనిపించకుండా లేదా రికార్డు చేసిన పదాలతో చేయమని అడగడంలో తప్పు లేదు.

ఇక మాస్కింగ్ అనే మాట. వినిపించని చెవికి గట్టి శబ్దం ఇచ్చినప్పుడు అది తల ఎముకల గుండా బాగున్న చెవికి చేరిపోతుంది. మామూలు హెడ్‌ఫోన్లతో సుమారు 40 డెసిబెల్స్ తేడా దాటితే ఈ దొంగతనం మొదలవుతుంది. దాన్ని ఆపడానికి బాగున్న చెవిలో ‘హుష్’ అనే చప్పుడు పెట్టి, దాన్ని మభ్యపెట్టి, అసలు చెవిని పరీక్షించాలి. ఒకసారి పుత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన “చెవి తిరిగి వచ్చేసింది” అని ఆనందంగా ఒక రిపోర్టు చూపించారు. 60 డెసిబెల్స్ దగ్గర గీత ఉంది. మాస్కింగ్ గుర్తులు ఎక్కడా లేవు. మాస్కింగ్ పెట్టి చేస్తే ఆ చెవిలో ఏమీ లేదని తేలింది. ఆయన ముఖం చూడలేకపోయాను. రెండు చెవుల మధ్య పెద్ద తేడా ఉన్నప్పుడు మాస్కింగ్ లేని రిపోర్టును ఫైలులో చేర్చకండి.

ఎప్పుడెప్పుడు చేయించుకోవాలి

ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షే పునాది. అది దొరకకపోతే ఆసుపత్రి రికార్డుల విభాగంలో అడిగి తెచ్చుకోండి. ఆపరేషన్ అయిన కొత్తలో మధ్య చెవిలోకి, చెవి వెనుక ఎముక గదుల్లోకి నెత్తురు లేదా నీరు చేరడం మామూలే. ఆ రోజుల్లో చెవి మూసుకుపోయినట్టు ఉండి, పరీక్షలో అంకెలు ఘోరంగా వస్తాయి. ఎముక మీద పెట్టి చేసే పరీక్షలో మంచి అంకెలు వచ్చి, హెడ్‌ఫోన్‌తో చెడ్డవి వస్తే నష్టం నరంలో కాదు, ఆ నీటిలో ఉందని అర్థం; అది తగ్గుతుంది. అందుకే మొదటి నమ్మదగిన పరీక్ష సాధారణంగా కొన్ని వారాలు గడిచాక, సర్జన్ చెప్పిన సమయానికి చేస్తారు. తర్వాత ఆరు నెలలకు, ఏడాదికి, ఆపై ఏడాదికొకసారి చొప్పున చేయించుకోవడం సబబు. ఎమ్మారై తేదీలు వేరుగా ఉంటాయి. వాటిని సర్జనే నిర్ణయిస్తారు. ఎమ్మారై శుభ్రంగా వచ్చింది కదా అని వినికిడి పరీక్ష మానేయడం, వినికిడి బాగుంది కదా అని ఎమ్మారై మానేయడం రెండూ పొరపాట్లే. ఒకటి గడ్డను చూస్తుంది, ఇంకొకటి నరం పనిని చూస్తుంది.

వరుసగా మూడు నాలుగేళ్ల అంకెలు చేతికొచ్చాక వాటిని చదవడం కష్టం కాదు. ఒక స్థాయి దగ్గర ఐదు డెసిబెల్స్ అటూ ఇటూ కావడం పరీక్షలోని సహజమైన ఊగిసలాట. దానికి నిద్ర చెడగొట్టుకోవద్దు. సగటులో పది డెసిబెల్స్, లేదా మాటల్లో పదిహేను శాతం దాటి తగ్గితే అది నిజమైన మార్పుగా తీసుకోవాలి. పరీక్షకు ఎన్ని పదాలు వాడారో కూడా గమనించండి. ఇరవై ఐదు పదాల జాబితాలో ఒక్క పదం తప్పితే నాలుగు శాతం పోతుంది, కాబట్టి 84 నుంచి 76కు వచ్చిందంటే తప్పిపోయినవి రెండే పదాలు.

తగ్గుదల కనిపించినప్పుడు నోటుపుస్తకంలో రెండో చెవి పేజీని తెరవాలి. అది ఆపరేషన్ జరగని చెవి కాబట్టి, వయసు వల్ల ఎంత తగ్గిందో అదే చెబుతుంది. రెండు చెవులూ ఒకే తీరుగా, ముఖ్యంగా పై స్థాయిల్లో, దిగుతూ ఉంటే అది ముసలితనం పని. రెండోది నిలిచి ఆపరేషన్ అయినది మాత్రమే దిగుతుంటే కారణం వేరు: నరం చుట్టూ ఏర్పడిన మచ్చ కణజాలం, రక్తప్రసరణ మెల్లగా సన్నగిల్లడం, లేదా మిగిలిన గడ్డ మళ్లీ పెరగడం. మొదటి రెండింటికీ నమ్మకమైన చికిత్స లేదు. మూడోది తేలేది ఎమ్మారైలోనే. అందుకే అలాంటి తగ్గుదలను రికార్డులతో సహా సర్జన్‌కు చూపించాలి. చెవిలో హోరు గురించి ఎక్కువమంది అడుగుతారు. ఆపరేషన్ తర్వాత హోరు ఉండిపోవడం సాధారణం, వినికిడి పూర్తిగా పోయిన చెవిలో కూడా అది మోగుతుంది. హోరు మాత్రమే కాస్త ఎక్కువైందంటే వినికిడి తగ్గినట్టు కాదు.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. నెలకొకసారి, ఒకే ఫోను, ఒకే సౌండు మీద ఉంచి, ఆపరేషన్ అయిన చెవికి ఆనించి, తెలిసిన వ్యక్తితో రెండు నిమిషాలు మాట్లాడండి. నిన్నటిదాకా మాట విడిగా తెలిసి, ఈ రోజు గజిబిజిగా ఉంటే పరీక్షకు వెళ్లవలసిన సమయం వచ్చిందని తెలుస్తుంది. ఇది ఆడియోగ్రామ్‌కు బదులు కాదు. ఏడాది మధ్యలో జరిగే మార్పును పట్టుకునే ఉచ్చు మాత్రమే.

ఆగకూడని సందర్భాలు

ఆపరేషన్ తర్వాత మొదటి రోజులు, వారాలలో అప్పటిదాకా వినిపిస్తున్న ఆపరేషన్ చెవి హఠాత్తుగా మందగించవచ్చు; రక్తనాళం ముడుచుకోవడం దానికొక కారణం కావచ్చు. ఆ సంగతిని వచ్చే అపాయింట్‌మెంట్ దాకా దాచకుండా అదే రోజు ఫోను చేసి చెప్పాలి. ఏళ్ల తర్వాత కూడా మూడు రోజుల్లోపల ఏ చెవి అయినా ఒక్కసారిగా పడిపోతే ఆ మొదటి రోజుల్లోనే స్టెరాయిడ్ చికిత్సకు అవకాశం ఉంటుంది; రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గుతుంది. గుబిలి వల్ల అనుకుని ఆముదమో, వెల్లుల్లి కాచిన నూనో పోసుకుంటూ పది రోజులు గడిపి వచ్చేవారిని చూసినప్పుడు నాకు కోపం రావడం సహజం. వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలా పలచటి ద్రవం కారితే, గొంతులోకి ఉప్పగా జారుతుంటే, అది జలుబు కాకపోవచ్చు. మెదడు చుట్టూ ఉండే ద్రవం లీకవుతుండవచ్చు, మెదడు పొరలకు ఇన్‌ఫెక్షన్ పట్టే ప్రమాదం ఉంది. జ్వరం, మెడ పట్టేయడం తోడైతే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

రెండో చెవి

ఒక చెవి పోయినవారికి రెండోది ఇక ఏకైక ఆధారం. దాన్ని కాపాడుకోవడం గురించి ఆసుపత్రిలో మాట్లాడే తీరిక ఉండదు కాబట్టి ఇక్కడ కాస్త నిలుస్తాను. ఫైలు అట్ట మీద, ఫోను వెనుక, “ఒక్క చెవే వినిపిస్తుంది” అని పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి ఇంజెక్షన్లు, సిస్‌ప్లాటిన్ వంటి క్యాన్సర్ మందులు లోపలి చెవిని శాశ్వతంగా దెబ్బతీయగలవు. ప్రాణం కోసం అవి తప్పనిసరైనప్పుడు వాడవలసిందే. కానీ వేరే మందు ఉంటే డాక్టరు దాన్ని ఎంచుకోగలిగేది మీరు ముందు చెప్పినప్పుడే. తప్పనిసరైతే మొదలుపెట్టే ముందు ఒక ఆడియోగ్రామ్, మధ్యలో ఒకటి తీయించుకోవాలి.

శబ్దం విషయంలో 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు అన్నది వృత్తి ఆరోగ్య నిపుణులు పెట్టిన హద్దు. ఆపైన మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయాన్ని సగానికి తగ్గించుకోవాలి. నగరి, పుత్తూరు ప్రాంతాలలో మరమగ్గాల మీద పనిచేసేవారు ఈ లెక్కను తమ షెడ్డుకు అన్వయించుకుంటే సంగతి బోధపడుతుంది. పని మానమని ఎవరికీ చెప్పలేము. స్పాంజి బిరడాలు పెట్టుకుని పనిచేయమని మాత్రం గట్టిగా చెప్పగలం. గంగమ్మ జాతరలో డప్పుల పక్కన, పెళ్లి ఊరేగింపులో డీజే పెట్టెల ముందు, దీపావళి నాడు లక్ష్మీ బాంబుల దగ్గర నిలబడటం వద్దు. గుబిలి తీసే వీధి మనుషుల చేతికి, పిన్నీసుకు ఆ చెవిని అప్పగించకూడదు. షుగరు, బీపీ అదుపులో ఉంచుకోవడం కూడా చెవి కోసమే. ఈ చెవికి ఏటా పరీక్ష తప్పనిసరి, ట్రాన్స్‌లాబిరింథైన్ చేయించుకున్నవారికైనా సరే.

రెండు వైపులా ఈ గడ్డలు వచ్చే అరుదైన జబ్బు ఒకటుంది. దాన్ని ఎన్‌ఎఫ్2 అంటారు. ఇరవై రెండో క్రోమోజోమ్ మీది జన్యువులో లోపం వల్ల వస్తుంది, తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమించవచ్చు. చిన్న వయసులో గడ్డ వచ్చినవారు, ఇంట్లో మరొకరికి కూడా ఉన్నవారు ఈ విషయాన్ని సర్జన్‌తో ప్రత్యేకంగా మాట్లాడాలి. వారి ప్రణాళిక మొదటి నుంచే వేరుగా ఉంటుంది.

ఒక్క చెవితో రోజులు గడపడం

ఒక చెవి పోతే పోయేది సగం వినికిడి మాత్రమే కాదు. శబ్దం ఏ వైపు నుంచి వస్తుందో తెలిసే జ్ఞానం పోతుంది, గోలలో నుంచి మాటను వేరుచేసే శక్తి తగ్గుతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో అన్నీ బాగానే ఉంటాయి. తిరుపతి లీలామహల్ సర్కిల్‌లో రోడ్డు దాటేటప్పుడు హారన్ వినిపిస్తుంది, బండి ఎటు నుంచి వస్తుందో తెలియదు. కళ్లతో రెండు వైపులా చూడకుండా అడుగు వేయకూడదన్న అలవాటు చేసుకోవాలి. మన కార్లలో డ్రైవరు కుడి వైపు కూర్చుంటారు. కుడి చెవి పోయినవారికి పక్క సీటువారి మాట మంచి చెవిలో పడుతుంది, ఎడమ చెవి పోయినవారికి ఆ మాట అందక కిటికీ గాలి గోల మాత్రమే మిగులుతుంది. అలాంటివారు నడిపేటప్పుడు అద్దం ఎత్తుకోవడం మేలు. పెళ్లి బంతిలో మంచి చెవి అందరి వైపు ఉండేలా వరుస చివర కూర్చోవాలి. ఇంట్లోవాళ్లు పక్క గదిలోంచి కేకేయడం మాని, ఎదురుగా వచ్చి మాట్లాడాలి. ఇవి చిన్న విషయాలు. కానీ “ఈయన కావాలనే పలకడు” అన్న అపవాదు ఇలాంటి చోట్లనే పుడుతుంది.

పరికరాల సంగతి. ఆపరేషన్ అయిన చెవిలో మాటల శాతం బాగుండి శబ్దం మాత్రమే తగ్గి ఉంటే మామూలు చెవి మిషన్ పనిచేస్తుంది. మాటల శాతం పడిపోయి ఉంటే ఎంత ఖరీదైన మిషన్ పెట్టినా గోలే పెరుగుతుంది. అమ్మేవారు ఏం చెప్పినా మీ మాట పరీక్ష శాతాన్నే నమ్మండి. పూర్తిగా పోయిన చెవికి క్రాస్ మిషన్ అనేది ఉంది. పోయిన వైపు పెట్టిన మైకు శబ్దాన్ని పట్టి మంచి చెవికి పంపుతుంది. ఎముక ద్వారా శబ్దం పంపే పరికరం కూడా ఇదే పని చేస్తుంది. దాన్ని తలపట్టీతో కొన్ని రోజులు వాడి చూసి, తర్వాత ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు. ఈ రెండూ ఆ వైపు మాటలను అందిస్తాయి కానీ దిక్కు తెలిసే శక్తిని తిరిగి ఇవ్వవు. కొనే ముందు కనీసం రెండు వారాలు ఇంట్లో, బజారులో, గుడి క్యూలో వాడి చూడనివ్వని చోట కొనకండి. వినికిడి నరం తెగకుండా మిగిలిన కొందరికి కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో అమర్చి, నరానికి నేరుగా విద్యుత్ సంకేతాలు పంపే పరికరం) ఒక దారి. నరమే లేకపోతే దానివల్ల ఫలితం లేదు. అయితే ఇంప్లాంట్‌లోని అయస్కాంతం ఎమ్మారైలో సరిగ్గా గడ్డ ఉండిన చోటే నీడ పరచగలదు. ఇంకా ఏళ్ల తరబడి ఎమ్మారైలు కావలసినవారు ఇంప్లాంట్ గురించి చెవి డాక్టరుతో ఒక్కరితోనే తేల్చుకోకుండా, గడ్డ తీసిన సర్జన్‌ను కూడా కూర్చోబెట్టి మాట్లాడాలి.

వికలాంగుల సర్టిఫికెట్ గురించి నెలకు ఒకరైనా అడుగుతారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వినికిడి లోపాన్ని రెండు చెవుల ఆధారంగానే నిర్వచిస్తుంది: మాట స్థాయిల్లో రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉంటే వినికిడి తక్కువ, 70 అయితే బధిరత్వం. ఒక చెవి పూర్తిగా పోయి రెండోది బాగున్నవారు ఈ నిర్వచనాలలోకి రారు. శిబిరాల చుట్టూ తిరిగి, వరుసల్లో నిలబడి, లేదనిపించుకుని రావడం కంటే ఈ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది. రెండో చెవిలో కూడా నష్టం ఉన్నవారి మాట వేరు; వారు రెండు చెవుల మాస్కింగ్‌తో చేసిన తాజా ఆడియోగ్రామ్‌నూ, ఆపరేషన్ సమ్మరీ జిరాక్సునూ వెంట తీసుకుని దరఖాస్తు చేసుకోవాలి.